మన తిండి – మన దవడలు



మొన్నటి సంక్రాంతి పండుగకు నా కుమారుడు భార్యాబిడ్డలతో పట్టణమునుండి మా యూరికి వచ్చెను. అతని కొడుకునకు పదునొకం డేండ్లు. చదువున చురుకైనవాడు, వయసునకు మించిన పొడవరి. కనుమ మరునాటి యుదయమున నా భార్య జొన్నరొట్టె కాల్చి, గోంగూర పచ్చడియు ఉల్లిపాయముక్కయు చేర్చి వాని చేతి కిచ్చినది. వాడు రుచి మెచ్చుకొనుచునే నాలుగు ముక్కలు తినెను. అయిదవ ముక్కకు రెండు చేతులతో చెంపలు పట్టుకొని, "తాతయ్యా, దవడలు నొప్పి పుడుతున్నాయి" అనెను. అందరమును నవ్వితిమి. ఆ రాత్రి పండుకొన్న పిమ్మట ఆ మాట మరల జ్ఞాపకమునకు వచ్చినపుడు మాత్రము నాకు నవ్వు రాలేదు.

మా నాయనమ్మ డెబ్బదియేండ్లు దాటిన పిదపకూడ రెండు దినముల క్రిందటి జొన్నరొట్టెను, పెంకువలె ఎండినదానిని, ప్రక్కపండ్ల నడుమ పెట్టి విరిచికొని తినెడిది. ఆమె పండ్లు అరిగి చదునై యుండెనేగాని ఒకటియు వంకర లేదు. నా మనుమని పండ్లు తెల్లగనే యున్నవి. అయితే తిరునాళ్లలో జనమువలె ఒకదాని నొకటి త్రోసికొనుచున్నవి. ఆ సెలవులలోనే వానిని నరసరావుపేటలో ఒక దంతవైద్యునికడకు తీసికొనిపోతిమి. ఆ యువకుడు నోరు పరీక్షించి, "పళ్ళు పెద్దవి కావండి మాస్టారూ, దవడే చిన్నది. చోటు చాలక వంకర పోయాయి" అనెను. తీగ బిగించవలెనని నిశ్చయమైనది.

ఎద్దును కొనబోవునపుడు మనము సంతలో దాని మూతి పైకెత్తి, రెండు పండ్లదా, ఆరు పండ్లదా యని లెక్కించిన పిదపగాని బేరమాడము. ఇంటిలోని బిడ్డ నోరు తెరచి చూచినవారు ఎందరు? నేను చూడలేదు. ముప్పదియైదేండ్లు బడిపిల్లల నోటినుండి వెడలు పద్యమును వింటినేగాని ఆ నోటి నెన్నడును చూచినవాడను గాను.

అది మొదలు తెలిసినవారి నడిగియు, పుస్తకములు తెప్పించుకొనియు ఈ విషయమును కొంత నేర్చుకొంటిని. నేను వైద్యుడను గాను, తెలుగు పండితుడను. నేర్చినదానిని నలుగురికి అప్పగించుట నా వృత్తి గనుక ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

ఈ మాటలు వినుచున్నవారు, దయచేసి, చేతివ్రేళ్లను చెవితమ్మె క్రింద దవడమూలమున ఆనించి పండ్లు గట్టిగా బిగింపుడు. వ్రేళ్లక్రింద ఒక కండ ఉండవలె ఉబ్బును. ఇది చెంప ఎముకనుండి క్రింది దవడమూలమునకు దిగు కండరము. వైద్యులు దీనిని మాసెటర్ అందురు. గ్రీకు భాషలో నమలునది యని యర్థమట. ఇప్పుడు వ్రేళ్లను కణతలకు మార్చి మరల బిగింపుడు. అచ్చటను ఒక కండ కదలును. అది విసనకఱ్ఱవలె తలప్రక్కన పరచుకొని యున్నది. చేతి కందనివి మరి రెండు దవడకు లోపలివైపున గలవు. ప్రక్కకు నాలుగేసి చొప్పున ఎనిమిది కండరములు. వీనిలో మూడు జతలు దవడను పైకి లాగి మూయును. నాల్గవ జత దానిని ముందునకు, ప్రక్కలకు నడిపి, తెరచుటకు తోడ్పడును. ఇన్నిటికిని ఆజ్ఞ చేరవేయునది మెదడునుండి వెడలు అయిదవ నాడి.

మన వంటింటిలో రోలు ఒకటి, తిరగలి ఒకటి యుండెడివి. నోటిలో ఈ రెండు పనులును ఒక్కచోటనే జరుగును. దంచుట పైకి క్రిందికి, విసరుట ప్రక్కలకు. తిరగలిలో పైరాయి తిరుగును, క్రిందిరాయి నిలుచును. నోటిలో దీనికి విపర్యాసము, పైదవడ నిలుచును, క్రిందిది తిరుగును. మెత్తని యన్నమునకు దంపుడు చాలును. దవడ కొంచెము పైకి క్రిందికి ఆడినంతనే ముద్ద గొంతు దిగును. గట్టి పదార్థమైనచో దవడ ప్రక్కలకు వెడల్పుగా సాగి విసరవలెను. ఆరోగ్యవంతుడగు పెద్దవాడు వెనుకపండ్లతో బిగించినపుడు పుట్టు బలము ఇంచుమించుగ యాభై మొదలు డెబ్బది కిలోల బరువునకు సమానమని యంత్రములతో కొలిచినారు. ఒక ధాన్యపు బస్తాను మోయుబలము మన చెంపలో నున్నదన్నమాట. వాడుకొన్నవానికి ఉన్నది, వాడుకొననివానికి తగ్గును. కమ్మరివాని భుజమునకు ఏ న్యాయమో చెంపకును అదే న్యాయము. గర్భిణీస్త్రీలను పరీక్షించు ధ్వనితరంగ యంత్రముతోనే ఇప్పుడు ఈ కండయొక్క మందమును మిల్లీమీటర్లలో కొలుచుచున్నారు. పండ్లు పోయినవారిలో అది పలుచనగుట స్పష్టముగ కనబడుచున్నది.

మన పూర్వులు దవడను చిన్నచూపు చూడలేదు. సంస్కృతమున దానికి హనువని పేరు. ఇంద్రుని వజ్రపుదెబ్బకు హనువు సొట్టవడిన బాలుడే హనుమంతుడైనాడని పురాణకథ. పల్నాటిలో ప్రతి యూరి పొలిమేరను నిలిచియున్న ఆ స్వామి పేరులోనే దవడ యున్నదని ఎందరు తలచుచున్నారో! చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయములో, నూవులనూనెను పుక్కిట పట్టినచో దవడలకు బలము కలుగునని చెప్పబడినది. అన్నమును విభజించుటలో భక్ష్యము, భోజ్యము, లేహ్యము, చోష్యము అని నాలుగు విధములు చేసినారు. కొరికి నమలునది భక్ష్యము. అన్నమువంటిది భోజ్యము. నాకునది లేహ్యము, చప్పరించునది చోష్యము. ఈ లెక్క చేతబట్టుకొని మన యింటి వంటను చూచినచో నేడు తక్కిన మూడును పుష్కలముగ నున్నవి, మొదటిది మాత్రము పండుగకు వచ్చు చుట్టమైనది.

ఇక మన సీమ సంగతి. పల్నాడు మెట్టనేల. పదునైదవ శతాబ్దమున శ్రీనాథ మహాకవి ఇచ్చటికి వచ్చి, ఎచ్చట చూచినను జొన్నకూడే యని వేసటపడినట్లు ఆయన పేర చెల్లు చాటువులు తెలుపుచున్నవి. సన్నన్నము తినుటకు అలవాటుపడిన ఆ నోటికి మన జొన్నకూడు ఎంత శ్రమ కలిగించెనో గాని, పల్నాటిని అయిదువందలయేండ్లు దెప్పిపొడుచుటకు చాలినంత సామగ్రి మిగిలినది. ఆయన తప్పు చెప్పలేదు. నా చిన్నతనమున, అనగా 1960 తరువాత, గురజాల ప్రాంతమున మా యింట నిత్యము జొన్నయే. తెల్లవారకముందే లేచి, జొన్నలపై నీరు చిలుకరించి, రోట పోసి, ఇద్దరు స్త్రీలు చెరియొక రోకలితో దంచెడివారు. చెరిగి వండిన జొన్నన్నము గింజ గింజగా నిలుచును, నమలనిదే మింగుడుపడదు. పొలమునకు రొట్టె. చలికాలమున పాలకంకులు కాల్చి నలిపిన ఊచబియ్యము. తొలిఏకాదశికి పేలాలు. సాయంకాలము బడినుండి వచ్చిన పిల్లవానికి చేరెడు వేరుసెనగకాయలో, వేయించిన సెనగలో, చెరకుగడయో. తేగలు తంపటవేసి యిచ్చినపుడు నారను ఈడ్చి ఈడ్చి నమలి ఊయుటకే ఒక పూట పట్టెడిది. మాకు వ్యాయామమను మాట తెలియదు, అయినను దవడ సాముగరిడీ చేయుచునే యుండెను.

1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగష్టులో కుడికాలువకు నీరు వదలినారు. క్రమముగ కాలువ క్రింది పొలములలో జొన్న పోయి వరి వచ్చినది. 1983లో రెండురూపాయలకు కిలో బియ్యము వచ్చినది. మరపట్టిన తెల్లబియ్యము మెట్టయూళ్ల పేదయింటికిని చేరినది. దీనిని నేను నిందింపను. జొన్నకూడు మేము ఇష్టపడి తిన్నది కాదు. వరియన్నము పండుగకు గాని, జ్వరము వచ్చినప్పుడు గాని దొరకెడిది. వరియన్నము కొరకు జ్వరము కోరుకొన్న పిల్లలలో నేనును ఒకడను. కరువేటను ఆ జొన్నయు లేక పస్తున్న ఇండ్లను ఎరుగుదును. మా అమ్మ అరచేతులలో రోకలి కాయలు చివరివరకును పోలేదు. సాగరమునీరు ఆమెచేత రోకలి దింపించినది. అంతటి మేలునకు బదులుగా మన చెంపలేమి కోల్పోయినవో తెలిసికొనుటయే ఇచ్చట నా యుద్దేశము.

ఈ మార్పు మనకొక్కరికే వచ్చినది కాదు. ఉత్తరధ్రువ ప్రాంతమున మంచునేలలో నుండు ఇన్యూట్ జనులు గడ్డకట్టిన మాంసమును, ఎండబెట్టిన మాంసమును తినెడివారు. వారి స్త్రీలు తోళ్లను పండ్లతో నమలి మెత్తపరచెడివారు. 1930 తరువాత అమెరికా దంతవైద్యుడు వా అనునతడు అలాస్కాకు పోయి వారి కాటుబలమును కొలిచి, అది పట్టణవాసుల బలమును ఎంతయో మించినదని కనుగొనెను. వారిలోనే అంగడి తిండి మరిగిన యూళ్లలో పిల్లల పలువరుసలు చెడుచున్నవనియు వ్రాసెను. ఆస్ట్రేలియాలో యుయెందుము అను ఆదిమవాసుల గూడెమునకు 1951 మొదలు అడిలైడ్ విశ్వవిద్యాలయమువారు ఏటేట పోయి, ఆ పిల్లల పండ్ల అచ్చులు తీసి భద్రపరచిరి. గట్టి తిండి తిన్న పెద్దల పండ్లు అరిగి అరిగి ఒకదానితో నొకటి చక్కగ సరిపడియుండెడివట.

నాకు ముఖ్యముగ తోచినది మన దేశపు సంగతి. 1980 దాటిన తొలియేండ్లలో రాబర్ట్ కొరుచ్చిని అను అమెరికా శాస్త్రజ్ఞుడు చండీగఢ్ పండితులతో కూడి, అచ్చటి పట్టణపు పడుచువారి పలువరుసలను, చుట్టుపట్టుల పల్లెలవారి పలువరుసలను పోల్చిచూచెను. జాతి యొకటే, భాష యొకటే. ముతక తిండి తిను పల్లెవారి పండ్లు సరిగ కూర్చుని యుండగా, మెత్తని తిండి మరిగిన పట్టణపువారిలో వంకరపండ్లు హెచ్చుగ కనబడెను. అంతకు ముందే అతడు అమెరికాలోని కెంటకీ పల్లెలలో పెద్ద తరమువారిని, చిన్న తరమువారిని పరీక్షించెను. పెద్దల వరుస బాగు, పిన్నల వరుస వంకర. అది చదివినపుడు మా యింటి సంగతి ఎవరో వ్రాసినట్లు నాకు తోచినది. ఒక్క తరములో రక్తము మారదు, మారినది కంచము.

జపానులో మరియొక తమాషాయైన పని చేసిరి. పూర్వకాలపు భోజనములను పుస్తకముల ననుసరించి మరల వండించి, మనుష్యులకు పెట్టి, ఎన్నిమార్లు నమలిరో లెక్కించిరి. సుమారు పదునెనిమిది వందల యేండ్ల నాటి యాయోయి కాలపు భోజనమునకు ఒక పూటకు 3990 మార్లు నమలవలసివచ్చినదట, 51 నిమిషములు పట్టినదట. నేటి భోజనమునకు 620 మార్లు, 11 నిమిషములు. నేను మరునాడు నా భోజనమును లెక్కించుకొంటిని. పప్పుచారు, వంకాయకూర, పెరుగు. సంఖ్య చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

కండ తగ్గినంతనే ఎముక యెందుకు తగ్గవలెనని సందేహము కలుగవచ్చును. ఎముకకు బరువు పడినకొలది అది ఆ బరువునకు తగినట్లు పెరుగునని జర్మనీ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పెను. ఎదిగెడు వయసులో దవడకు కండ లాగుడే బరువు. పండ్ల పరిమాణమన్ననో పుట్టుకతోడనే, చిగుళ్లలోపలనే, చాలవరకు నిర్ణయమైపోవును. దవడ మాత్రము పదునెనిమిది, ఇరువదియేండ్లవరకు పెరుగుచుండును. కనుక తిండి మెత్తనైనచో పండ్లు పెద్దవిగనే వచ్చును, వాని కోసము కట్టిన యిల్లు ఇరుకగును. కడపట వచ్చు జ్ఞానదంతములకు చోటే యుండదు. అవి ఎముకలో అడ్డముగ చిక్కుకొని బాధించును. 2004లో హార్వర్డు విశ్వవిద్యాలయపు డేనియల్ లీబర్‌మన్ మొదలైనవారు హైరాక్సను కుందేలంత జంతువులను రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు వండిన తిండి, మరియొక గుంపునకు పచ్చిది, ఎండినది పెట్టి పెంచిరి. వండినది తిన్నవాని ముఖము, దవడవైపు భాగము, నూటికి పదివంతుల వరకు తక్కువగ పెరిగినది. 2011లో ఒక విదుషీమణి పదునొకండు జాతుల పుఱ్ఱెలను పోల్చి, వేటాడి బ్రతికినవారి క్రింది దవడ పొడవుగను, సేద్యము చేసినవారిది పొట్టిగ వెడల్పుగను ఉన్నదని వెల్లడించెను.

ఇది ఈనాటి కథయు కాదు. ఆదిమానవుడు రాతికత్తితో మాంసము కోయుటయు, రాతితో దుంపలు చితుకగొట్టుటయు నేర్చిననాడే నోటిపని తగ్గుట మొదలైనది. దీనిని 2016లో లీబర్‌మనే తన శిష్యురాలితో కూడి లెక్కించెను. మూడవవంతు మాంసముగల తిండిలో ఈ రెండు పనులు చేసినంతమాత్రమున నమలుడు నూటికి 17 వంతులు, నమలుటకు కావలసిన బలము 26 వంతులు తగ్గునట. అనగా మన రోకలికి పూర్వులు లక్షల యేండ్లనాటివారు. రోకలి చాలదని పిండిమర, పిండిమర చాలదని మిక్సీ. దవడ చేయవలసిన పనిని ఒక్కొక్కటిగ వంటింటికి బదిలీ చేసితిమి.

వంకరపండ్లన్నిటికిని తిండియే కారణమని నేననుట లేదు. వంశము చేయునది వంశము చేయును. వ్రేలు చప్పరించుట, నోటితో ఊపిరి తీయుట మొదలగు కారణములు వేరుగ గలవు. మన సీమకు దక్షిణమున పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు మచ్చలుపడి పెళుసగుచున్నవని 1937లోనే, మన దేశమున మొదటిసారిగా, వైద్యులు వెల్లడించిరి. అది నీటి దోషము. ఎంత నమలినను పోవునది కాదు. పాతకాలపు తిండిలోను దోషము లేకపోలేదు. తిరగలిరాతి పొడి పిండిలో కలిసి మా నాయనమ్మ పండ్లను సగమునకు అరగదీసినది. ఆమె కడపటి యేండ్లలో చల్లనినీరు పండ్లకు తగిలినంతనే జివ్వుమని విలవిలలాడుట చూచినవాడను.

ఇటీవల చిరుధాన్యములకు మరల గౌరవము వచ్చినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగ ప్రకటించినది. సంతోషమే. నరసరావుపేట అంగళ్లలో జొన్న యిడ్లీ, కొఱ్ఱ ఉప్మా, రాగిబిస్కత్తులు కనబడుచున్నవి. కడుపునకు మేలే, దవడకు మాత్రము వీనివలన ఒరుగునది లేదు. జొన్నను మెత్తగ విసరి ఇడ్లీ వండినచో దవడకు అది బియ్యపుటిడ్లీయే. రాయలసీమవారి రాగిసంగటిని చూడుడు, ముద్దను పులుసులో ముంచి మింగుదురేగాని నమలరు. ధాన్యము ముతకదైనంత మాత్రాన చెంపకు పని కలుగదు. వండిన తీరునుబట్టి కలుగును. ఒక దోసజామకాయను కోయక చేతికిచ్చుట, కొబ్బరిముక్క, ఉడికించిన కండెగాని కాల్చిన కండెగాని, ములగకాడ, ఎముకతోడి మాంసము తినువారికి ఎముకతోడి మాంసము, ఇవి చెంపనెరిగిన తిండ్లు. పలుదోముపుల్లను కుంచెవలె చితుకువరకు నమలుటయు ఒక సాధనయే.

పసిపిల్లల విషయమున తల్లులతో ఒక మాట చెప్పవలసియున్నది. అయిదేండ్ల బిడ్డకును అన్నమును వెన్నవలె మెదిపి, ఫోనులో బొమ్మలు చూపుచు, బిడ్డ నోరు తెరచినపుడెల్ల ఒక ముద్ద జారవిడుచుట నేడు పల్లెలలోను వచ్చినది. బిడ్డ బొమ్మను చూచుచు మింగుచున్నాడు. నోరు ఏమి చేయుచున్నదో వానికి తెలియదు. పాలపండ్లు నిండిన బిడ్డకు మెత్తని రొట్టెముక్క, కారెట్టువంటి దుంప ఉడికించిన ముక్క చేతికిచ్చి తననే కొరకనీయవలెను. అయితే నాలుగేండ్లు నిండనివారికి వేరుసెనగగింజలు, సెనగలు ఇయ్యరాదు. గాలిగొట్టములోనికి జారినచో ప్రాణముమీదికి వచ్చును. పెద్దపిల్లలకును ఒక్కసారిగ గట్టివి పెట్టి సాహసము చేయింపరాదు. కాడి నెరుగని కోడెను మొదటిదినమే ఎకరము దున్నింపము గదా.

నేను ఈ సంగతులు మా యూరి రచ్చబండకడ చెప్పుచుండగా, నా యీడువా డొకడు నవ్వి, "అయితే పంతులుగారూ, నాకంటే దవడ బలం ఎవరికుంది? పొద్దస్తమానం వక్కే గదా నా నోట్లో!" అనెను. అతని చెంపలు నిజముగనే ఉబ్బియున్నవి. వక్క నమలువారికి ఆ కండ పెరుగుట కలదు. అందరును నన్ను చూచి నవ్విరి. అప్పుడు నాకు నా పూర్వశిష్యుడు జ్ఞాపకము వచ్చెను.

అతనికి ఇరువదియెనిమిదేండ్లు. లారీపై పనిచేయును. రాత్రివేళ నిద్ర రాకుండుటకని గుట్కా పొట్లము అలవాటు చేసికొనెను. కడచిన శ్రావణమున మా యింటికి వచ్చినపుడు భోజనమునకు కూర్చుండబెట్టితిమి. ముద్ద చిన్నదిగ చేసి, వ్రేలితో పండ్లసందున త్రోసికొనుచుండెను. నేను చూచుచున్నానని యెరిగి, "పంతులుగారూ, మొదట కారం తగిలితే మంట అనిపించింది. మన గుంటూరు కారం గదా అనుకున్నా. ఇప్పుడు నోరు తెరుచుకోదండి" అనెను. తెరువుమంటిని. ఒక్క వ్రేలు దూరలేదు. పద్యము కంఠస్థము చేయుటలో వానిని మించినవాడు ఆ తరగతిలో లేడు. ఎత్తుగీతి యెత్తుకొన్నచో గది మారుమ్రోగెడిది.

ఈ వ్యాధికి కారణము వక్క. వక్కలోని సారము చెంపలోపలి పొరను పీచుకట్టించును. ముందు మంట, పిదప చెంప తోలువలె గట్టిపడుట, క్రమముగ లోపల త్రాళ్లవంటి పట్టెలు బిగిసికొని దవడను కట్టివేయుట. పట్టెలు కండరమునకు ప్రాకినపుడు బలముగల చెంపయే కొయ్యయై పోవును. 1952లో ష్వార్ట్‌జ్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలోని మన భారతీయ స్త్రీలలో దీనిని మొదట వర్ణించెను. ఈ వ్యాధి కొందరిలో పుట్టకురుపుగ మారును. పొగాకు కలియని వట్టి వక్కయు పుట్టకురుపునకు కారణమగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ శాఖవారు 2004లో తీర్మానించిరి. మూడు వ్రేళ్లు కలిపి నిలువుగ నోట పెట్టుకొని చూచుకొనుడు. సాధారణముగ పెద్దవారికి దూరవలెను. దూరనియెడల, లేక కారము తగిలినంతనే మంట పుట్టుచున్నయెడల, వెంటనే వైద్యునికడకు పోవలెను. తొలిదశలో మానివేసినవారికి మరింత బిగియకుండ ఆపవచ్చును. పట్టెలు ముదిరిన తరువాత శస్త్రచికిత్సయు పూర్తిగ పూర్వపు నోటిని తెచ్చియియ్యదు.

"మన తాతలు తాంబూలం వేసుకోలేదా?" అని ఆ మిత్రుడు వాదించెను. వేసికొనిరి. భోజనానంతరమున ఒకసారి, ఆకు హెచ్చు, వక్క తక్కువ. అయినను చెంపపుండుతో పోయిన తాతలు ప్రతి యూరను ఉన్నారు. మనము దానిని కర్మ యనుకొంటిమి. నేను నలువదియేండ్లు తాంబూలము నమలినవాడను. శిష్యుడు వచ్చిపోయిన దినమునుండి శుభకార్యములలో తాంబూలమును చేత పుచ్చుకొందును, నోట వేసికొనను. మొదటి నెల చాల కష్టముగ నుండెను.

కడపట మనబోటి ముసలివారి మాట. నాకు ఎడమప్రక్క క్రిందిపండ్లు రెండు పోయి ఎనిమిదేండ్లయినది. కట్టించుకొనక అశ్రద్ధచేసి కుడిప్రక్కనే నమలుచు వచ్చితిని. క్షౌరము చేసికొనునపుడు చూచితిని గదా, ఎడమచెంప లోనికి పోయినది. పండ్లు పోయిన ముసలివారు మొదట మాంసము మానుదురు, పిదప పచ్చికూరలు, పిదప ఆకుకూరకాడలు. తుదకు చారన్నమే దిక్కగును. దానితో దేహము క్షీణించును. అందరును వయసు యనుకొందురు. పూర్తిగ కట్టుడుపండ్లు పెట్టుకొన్నవారికి సాధారణముగ సొంతపండ్ల బలములో నాల్గవవంతు మొదలు మూడవవంతు వరకే యుండును. అదియైనను ఏమియు లేకుండుటకంటె మేలు. జపానువారు 1989 నుండి, ఎనుబదవయేట ఇరువది సొంతపండ్లు నిలుపుకొనవలెనని దేశమంతట ప్రచారము చేసిరి. 2016లో లెక్కించినపుడు ఆ వయసువారిలో సగముకంటె మించినవారికి ఇరువది పండ్లుండెను. మనయందు పన్ను కదలినదనగనే పీకించుటయే చికిత్స. నేను ఆ ఎడమప్రక్కను మొన్న మాఘమున కట్టించుకొంటిని. ఇంకను అలవాటుపడలేదు; సెనగగింజ వేసికొన్నపుడు నాలుక దానిని తనంతటనే కుడిప్రక్కకు త్రోసివేయుచున్నది.

వేసవి సెలవులకు మనుమడు మరల వచ్చుచున్నాడు. వానికొరకు జొన్నలు విసరించి యుంచవలెనని నా భార్య తలపెట్టినది. ఇంతలో కోడలు ఫోనుచేసి, పండ్లకు తీగ బిగించియున్నంతకాలము గట్టివి, సాగునవి పెట్టరాదని వైద్యుడు చెప్పినాడని తెలిపినది. తీగ రెండేండ్లుండునట. వైద్యుని మాట దాటరాదు గనుక వానికి ఇడ్లీయే. వాని చెల్లెలికి అయిదేండ్లు. దానికి ఇంకను పాలపండ్లే, తీగ లేదు. "నాకు రొట్టె పెడతావా తాతయ్యా?" అని అదే ఫోనులో అడిగినది. ముందు పలుచని రొట్టెతో మొదలుపెట్టుదుమని నా భార్యతో చెప్పియుంచితిని.